ఎర్లీన్ బూట్ల పెట్టె

మా పక్కింటి ఎర్లీన్ ఏడో నెలలోనే పుట్టింది. వాళ్ళమ్మ ఆ పసిగుడ్డును దూదిలో చుట్టి, బూట్ల పెట్టెలో పడుకోబెట్టి, కట్టెల పొయ్యి పక్కన పెట్టి బతికించుకుందట. మిసిసిపీలో మా చర్చికి వచ్చేవాళ్ళలో ఈ కథ వినని మనిషి లేడు. అట్ట నలిగిన ఆ పెట్టె ఇప్పటికీ ఆమె బీరువా మీదే ఉంటుంది.

అందుకే మనవరాలు లడ్రీకా ఏడు నెలల కడుపుతో చేపల ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి వచ్చి, "అమ్మమ్మా, తల పగిలిపోతోంది, కళ్ళముందు మెరుపులొస్తున్నాయి" అంటే ఆమెకు చీమకుట్టినట్టయినా లేదు.

"ఏడో నెలలో ఇవన్నీ మామూలే. కాళ్ళు ఎత్తు మీద పెట్టుకు పడుకో. నేను బూట్ల పెట్టెలో బతికినదాన్నే!"

నాకు ఒళ్ళు మండింది. "నీ పెట్టె తగలెయ్య! దాని మొహం చూడవే, ఎలా ఉబ్బిపోయిందో!" అని అరిచి పిల్లను కారెక్కించాను. మా ఊళ్ళో కాన్పుల వార్డు మూతపడి ఏళ్ళయింది, జాక్సన్ పెద్దాసుపత్రి దాకా పోవాల్సిందే. ఎర్లీన్ గొణుగుతూనే వెనక సీట్లో కూర్చుంది.

రక్తపోటు మితిమీరింది, ఆలస్యమైతే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పాప రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంతే ఉంది, ముక్కుకు గొట్టం. బతుకుతుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు.

కొన్నాళ్ళకు, తల్లి ఇంకా మంచం దిగలేదని, నర్సు పాపను వెచ్చదనం కోసం ఎర్లీన్ గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టింది. ఎర్లీన్ రొప్పుతోంది.

"మీకు ఉబ్బసమా?" అంది నర్సు.

"పుట్టినప్పటినుంచీ. ఎడమకన్ను కూడా సరిగా ఆనదు."

"నెలలు నిండకుండా పుట్టారా?"

"నీకెవరు చెప్పారే?"

"అలా పుట్టినవాళ్ళలో కొందరికి ఊపిరితిత్తులు, చూపు దెబ్బతింటాయమ్మా. ఈ పాపకు అలా కాకూడదనే మా తాపత్రయం."

 ఎర్లీన్ నావైపు తిరిగింది.

"ఆ పెట్టె నన్ను ఊరికే వదల్లేదే! నేనేమో దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాను. పిల్లను చంపుకునేదాన్ని కదే!" అని పాప కదలకుండా పట్టుకునే ఏడ్చింది.

రెండు నెలలు దాటాక పాప గొట్టం లేకుండా ఇంటికొచ్చింది. ఆకలేస్తే దాని ఏడుపు మా ఇంటిదాకా వినబడుతుంది, ఎంత సంతోషమో!

ఇప్పుడు ప్రతి ఆదివారం ఎర్లీన్ ఆ బూట్ల పెట్టెను ఒళ్ళో పెట్టుకుని చర్చి గుమ్మంలో కూర్చుంటుంది. అందులో బీపీ మిషను ఉంటుంది. కడుపుతో ఉన్న ఏ పిల్లా ఆమెను దాటి లోపలికి పోలేదు.

"దేవుడెక్కడికీ పోడుగానీ, ముందు ఆ చెయ్యి ఇటివ్వు!"