మంచం మీద నొప్పి పెట్టకూడదు

విన్నిపెగ్ నగరంలోని ఒక ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డులో నెనీటా అబలోస్ ఇరవై రెండేళ్లుగా నర్సు. బయట మైనస్ ముప్పై చలిలోనూ ఆ గదులు ఉక్కపోతగానే ఉంటాయి; చర్మం పోయిన ఒంట్లో వేడి నిలవదు మరి. పన్నెండు గంటలు గౌనూ మాస్కూ వేసుకుని ఆ ఉక్కలో తిరిగితే మనిషి పిండేసిన గుడ్డలా అవుతుంది. "ఎలా తట్టుకుంటావో!" అని బుగ్గలు నొక్కుకునే చుట్టాలంటే ఆమెకి చిరాకు. ఏముంది తట్టుకోవడానికి? సామాన్ల గదిలో తువ్వాళ్ల దొంతరల మధ్య నిలబడి, పెద్ద నర్సు షానాతో ఐదు నిమిషాలు పనికిమాలిన జోకులు వేసుకుని నవ్వడమే. ఆ జోకులు బయట చెబితే జనం మొహాన ఉమ్మేస్తారు.

ఆ వార్డులో ఒక కట్టుబాటుంది. నొప్పి పెట్టే పనులన్నీ స్నానాల గదిలోనే చెయ్యాలి. మంచం మీద మాత్రం ఎవరూ నొప్పి పెట్టకూడదు. భయపడక్కర్లేని చోటు రోగికి ఒక్కటైనా మిగలాలి కదా. కొత్త నర్సులకి ఆ మాట నూరిపోసేది నెనీటాయే.

అలాంటిది గురువారం తనే ఆ కట్టుబాటు తప్పింది.

ఓరెస్ట్ హ్రినియక్ అరవై రెండేళ్ల రైతు. ధాన్యం ఆరబెట్టే యంత్రం అంటుకుని మోకాళ్ల కింద రెండు కాళ్లూ కాలాయి. తొడ చర్మం తీసి కాళ్లకి అతికించారు. ఆ రోజు ఇద్దరు నర్సులు రాలేదు, స్నానాల గది ఖాళీ లేదు. జారిన కట్టు సరిచేస్తుంటే, చర్మం కదలకుండా వేసిన పిన్నులు మూడు పీకకుండా మిగిలిపోయి కనిపించాయి. "ఒక్క నిమిషం ఓర్చుకోండి" అని మంచం మీదే మొదలుపెట్టింది. రెండోదానికి ఆయన "ఆపు" అన్నాడు. ఇంకొక్కటే కదా అని ఆమె ఆపలేదు.

శుక్రవారం పొద్దున ఆయన కుర్చీలోంచి మంచం మీదికి ఎక్కనన్నాడు. కాళ్లు ఎత్తిపెట్టుకుని పడుకోకపోతే వాపొచ్చి కొత్త చర్మం ఊడిపోతుంది. డాక్టరు చెప్పాడు, భార్య బతిమాలింది, షానా కసురుకుంది. "నాకిక్కడే బాగుంది" అంటాడే తప్ప ఎందుకో చెప్పడు. ఎందుకో తెలిసిన నెనీటా మధ్యాహ్నం దాకా నోరు మెదపలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. చివరికి షానాకి చెప్పేసింది.

"నువ్వా? మంచం మీదా?"

"ఆపమన్నా ఆపలేదు."

షానా జేబులోంచి పెన్ను తీసింది. "రిపోర్టు నేను రాస్తాలే. నువ్వు ముందు ఆయన దగ్గరికి పో."

వెళ్లింది. "ఓరెస్ట్ గారూ, నిన్న తప్పు నాదే. డాక్టరుకి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? అరవై రెండేళ్లొచ్చి మంచమంటే భయమేస్తోందనా?"

ఆమె ఆ మంచాన్ని బయటికి నెట్టేసి, ఖాళీ గదిలోంచి ఇంకోటి లాక్కొచ్చింది.

"మంచం మారింది సరే, నర్సమ్మ మారలేదుగా!" అన్నాడాయన. "ముందు నువ్వు పడుకో, చూస్తా."

కొత్త గౌను తొడుక్కుని ఎక్కి వెల్లకిలా పడుకుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుందామనుకుంది, అంతే.

షానా కుదిపితే లేచింది. "ఏడు నిమిషాలు! గురక కూడానూ. ఈయనే లేపొద్దన్నాడు."

"నీకే నిద్ర పట్టిందంటే మంచిదేలే ఇది," అన్నాడు ఓరెస్ట్. "ఇక లే, నా చోటు నాకియ్యి."

దుప్పటి మార్చి పడుకోబెట్టారు. అయినా ఆలస్యం కానే అయింది. సోమవారం కట్టు విప్పితే మడమ దగ్గర అరచేతి మేర చర్మం నల్లబడి ఉంది. మళ్లీ తొడ మీంచి కోసి తియ్యాలి. తను చెబుతానన్న డాక్టర్ని ఆపి నెనీటాయే వెళ్లి ఓరెస్ట్‌కి ఆ మాట చెప్పింది.

"కుర్చీలో కూర్చున్నందుకేనా?" అని అడిగాడు ఓరెస్ట్.

"నా వల్ల కూర్చున్నారు."

ఆయన తన కాళ్లకేసి చూసుకున్నాడు. పరవాలేదని మాత్రం అనలేదు.

"రేపు కట్టు ఎవరు విప్పుతారు?"

"మీకిష్టమైతే నేనే."

"ఇక్కడ కాదుగా?"

"ఇక్కడ కాదు."

"సరే" అని, ఆమె పక్కన ఉండగానే, ఆయన కళ్లు మూసుకున్నాడు.