దూపకు ఒత్తు పెట్టిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ఏ మాట తప్పు పలికినా దిద్దే పని నాదే. నాన్నగారికి బదిలీ అయి భీమవరం నుంచి కూకట్‌పల్లి వచ్చి అప్పటికి ఏడాది. నాకు తొమ్మిదేళ్లు. కూరగాయల బండి మీద 'వంకయలు' అని కనిపిస్తే సుద్దముక్కతో దీర్ఘం పెడితే గానీ నాకు తోచేది కాదు. నీ పెత్తనం పాడుగానూ అని అమ్మ తిట్టేది. మళ్లీ ఇంటికొచ్చినవాళ్లతో మాత్రం, మా అమ్మాయికి ఒక్క అక్షరం తప్పు పోదండీ అని మురిసిపోయేది. ఆ మురిపెమే ఒకరోజు నా కొంప ముంచింది.

అవి కొండాపూర్ వైపు గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. అందరి నోటా కంప్యూటర్ మాటే గానీ, దాన్ని కళ్లారా చూసినవాళ్లు మా వీధి మొత్తానికి ఇద్దరో ముగ్గురో. మా కాలనీకి దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. ఏటా ఒక ఆదివారం గేట్లు బార్లా తెరిచి చుట్టుపక్కల కుటుంబాలన్నింటినీ లోపలికి రానిచ్చేవారు. ఆడవాళ్లకు ముగ్గుల పోటీ, మగవాళ్లకు తాడు లాగే పోటీ, అందరికీ మిరపకాయ బజ్జీలు. ఆ ఏడు లెక్కల సార్ ఒకాయన పిల్లలకు చీటీల ఆట పెట్టారు. ఒక చీటీ చదివి అది చెప్పిన చోటికి వెళితే అక్కడ ఇంకొకటి దొరుకుతుంది. నాలుగు చీటీలూ ముందుగా తెచ్చినవాళ్లు కంప్యూటర్ గదిలో గంటసేపు కూర్చోవచ్చు. చెప్పులు బయట విడిచి, అద్దాల తలుపు తోసుకుని, ఏసీలో! వారం ముందు నుంచీ నాకు అదే కల.

సార్ ఒక మెలిక పెట్టారు. ప్రతి పిల్లకూ కాలేజీలో పనిచేసేవాళ్లలో ఒకరు జత. చీట్లు తీస్తే నాకు వరండాలు ఊడ్చే పాలమూరు అవ్వ వచ్చింది. ఆవిడకు చదువు రాదు. నా మొహం మాడిపోయింది. అవ్వ మాత్రం సంబరంగా నా చెయ్యి పట్టుకుంది.

"గెలుస్తమా బిడ్డా? గా రూముల బండలు పరిచింది మేమే. మిషన్లు పెట్టినంక మమ్ముల లోపలికి రానిస్తలేరు. మస్తు సల్లగుంటదంట గద!"

ఆ గది చూడాలని నాకంటే ఆవిడకే ఎక్కువ ఉందని అప్పుడే అర్థమైంది. అయినా నా ఆశ నాదే.

మొదట్లో మాకు ఎదురే లేదు. నేను చదవడం, అవ్వ అడ్డదారిన తీసుకుపోవడం. కాలేజీలో ఆవిడకు తెలియని మూల లేదు. అందరికంటే ముందు మూడో చీటీ మా చేతికే వచ్చింది. అందులో 'దూప తీరే చోట చూడు' అని ఉంది. ఇంత పెద్ద సార్‌కి ఒత్తు పెట్టడం కూడా రాదా అని నవ్వుకున్నాను. ధూపం అయితే 'తీరే' ఎలా కుదురుతుంది? అదీ తప్పే అయ్యుంటుందనుకుని రెండూ దిద్దేసి, "ధూపం వేసే చోట చూడు" అని గట్టిగా చదివాను.

"గుడి కాడ కావచ్చు" అంది అవ్వ, నేను చదివింది నమ్మి.

గేటు పక్కనున్న ఆంజనేయస్వామి గుడి దాకా పరుగు పెట్టాం. అవ్వకు మోకాళ్ల నొప్పులు, అయినా ఆగలేదు. అగరొత్తుల స్టాండు కింద, గంట వెనక, పూల బుట్టలో కూడా వెతికాం. పూజారిగారు కోప్పడ్డారు. చీటీ లేదు. చివరికి అవ్వ మెట్టు మీద కూలబడింది.

"జర ఆగు బిడ్డా, దూపైతుంది. కుండల కాడికి పోయి నీళ్లు తాగొద్దాం."

చేతిలోని చీటీ మళ్లీ చూసుకున్నాను. దూప అంటే ఏంటని అడిగాను. దూపంటే దూపే, నీళ్లు తాగబుద్దయితది సూడు, అంది అవ్వ.

క్యాంటీన్ పక్కన కుండల కిందే ఉంది నాలుగో చీటీ. ఏడుపు మొహంతో మూడో చీటీని ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. అవ్వ నా వంక చూసి, ముందు నాకు గ్లాసుడు నీళ్లు ముంచి ఇచ్చింది.

నాలుగు చీటీలతో మేం కంప్యూటర్ గది ముందున్న సార్ దగ్గరికి వెళ్లేసరికి ఒక అబ్బాయి, వాచ్‌మన్ తాతతో కలిసి గెలిచేశాడు. ముందున్నది మీరే కదా, ఏమైందని అడిగారు సార్. అవ్వే అందుకుంది. "నా మోకాళ్లతోని లేటయింది సార్. పిల్లనేమనకుండ్రి."

సిగ్గుతో చచ్చిపోయాను. చదువు రానందుకు ఆవిడ నన్ను నమ్మింది. నమ్మినందుకు ఓడిపోయింది. ఇప్పుడు ఆ ఓటమి కూడా తన నెత్తినే వేసుకుంటోంది. "కాదు సార్, దూప అని ఉంటే నేను ధూపం అని చదివాను" అని చెప్పేసి భోరుమన్నాను.

సార్ పడీపడీ నవ్వారు. "రెండు చీటీలు మీ దిక్కు మాటల్ల రాసిన, రెండు మా దిక్కు మాటల్ల. ఒక్కరితోని కావద్దనే గదమ్మా జతలు పెట్టింది" అన్నారు. తర్వాత, లోపల ఇంకొక్క కుర్చీ ఖాళీగా ఉంది, మీలో ఒకరు రండి అన్నారు. అవ్వ నన్ను ముందుకు తోసింది. అబద్ధమెందుకు, నా కాళ్లు రెండడుగులు వేశాయి కూడా. అక్కడ ఆగి, "అవ్వను తీసుకెళ్లండి సార్" అన్నాను.

బయట ఆవిడ చెప్పుల పక్కన కూర్చుని అద్దంలోంచి చూశాను. అవ్వ కుర్చీలో కూర్చోలేదు. కంప్యూటర్లను ఒకసారి చూసి, నేల మీద గొంతుకూర్చుని, తను పరిచిన బండలను అరచేత్తో నిమిరింది. గంట తర్వాత బయటికి వచ్చి, చల్లబడిన చేతులు రెండూ నా చెంపలకు ఆనించి, "సూడు బిడ్డా, ఎంత సల్లగున్నయో" అంది. లోపలికి వెళ్లలేకపోయానన్న బాధ అక్కడితో పోయింది.

ఇప్పుడు నా కూతురికి అప్పటి నా వయసు. దవాఖానలోనో బస్టాండులోనో ఎవరైనా కాగితం చేతికిచ్చి చదివి పెట్టమంటే, ఎంత తప్పనిపించినా ఉన్నది ఉన్నట్టే చదువుతాను. తెలియని మాట వస్తే, దానికి అర్థం ఏంటమ్మా అని వాళ్లనే అడుగుతాను.