జాబితాలోంచి కొట్టేసిన డ్రాయింగ్ ప్రోగ్రాం

2002. గ్రంథాలయాలకూ కమ్యూనిటీ సెంటర్లకూ విరాళంగా వచ్చిన పాత కంప్యూటర్లను లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంతో నడపడం దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో నా ఉద్యోగం. ఉన్నది ఇద్దరమే: నేను, తులానీ. కొత్త లినక్స్ వేస్తే ఆ యంత్రాలు కదలవు. అందుకని పాతదే ఉంచి, అందులో ఏ ప్రోగ్రాములకు సపోర్ట్ కొనసాగించాలో తేల్చుకోవాల్సి వచ్చింది. సపోర్ట్ అంటే, లోపం బయటపడినప్పుడల్లా మేమే సరిచేసి అన్ని సెంటర్లకూ పంపడం. అన్నిటికీ చేయడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు.

జాబితాలో ఒక డ్రాయింగ్ ప్రోగ్రాం ఉంది. తయారుచేసినవాళ్లే దాన్ని వదిలేశారు. నెట్‌వర్క్‌లోంచి బయటివాళ్లు చొరబడగలిగే లోపం ఒకటి అందులో అలాగే ఉండిపోయింది. వాడేది ఊరి శివారు ఫీనిక్స్‌లోని సెంటర్‌లో ఒక్కరే.

"కొట్టెయ్," అన్నాను.

"ఆ ఒక్కరికీ ఫోన్ చేద్దామా?" అన్నాడు తులానీ.

"బదులు కొత్తది పెడుతున్నాంగా!"

రెండు వారాలకు సుశీలా ఆంటీ అనే ఆవిడ రెండు మూడు షేర్ టాక్సీలు మారి మా ఆఫీసుకొచ్చింది. ఆమె పనిచేసిన బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లోనే స్కూల్ యూనిఫారాలు కుడుతోంది. బడులు అన్ని జాతుల పిల్లలకూ తెరుచుకోవడంతో కుట్టుపని బాగా పెరిగింది. గుడ్డ కత్తిరించే ప్యాటర్న్‌లన్నీ ఆ ప్రోగ్రాంలోనే గీసుకుంది.

సంచిలోంచి ఒక బ్లేజర్ తీసి బల్లమీద పరిచింది.

"చూడు నాయనా, చెయ్యి ఎక్కదు."

ఆమె ముత్తాతలు చెరకు తోటల్లో పనికి కోస్తా ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు. ఆమెకు మిగిలిన తెలుగు ఇలాంటి నాలుగు ముక్కలే. మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పింది. కొత్త ప్రోగ్రాం ఆమె ఫైళ్లు తెరుస్తూ చంక దగ్గరి వంపును కాస్త మార్చేసింది. అది తెలియక పదకొండు బ్లేజర్లకు గుడ్డ కత్తిరించేసింది. చలికాలం టర్మ్ సోమవారమే మొదలు.

"చెప్పకుండా ఎందుకు తీశారు?"

"ఒక్కరే వాడుతున్నారని..." అని ఆగిపోయాను.

"ఆ ఒక్కరూ నేనే కదా," అంది. గొంతులో కోపం కూడా లేదు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అప్పుడే ముగ్గురం కారులో ఫీనిక్స్ వెళ్లాం. ఆమె వాడే కంప్యూటర్‌కు తులానీ నెట్‌వర్క్ కేబుల్ పీకేశాడు. బయటి దారి మూసేస్తే ఆ లోపంతో ప్రమాదం లేదు. పాత ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను; అందులో ఆమె అసలు ఫైళ్లు సరిగ్గానే తెరుచుకున్నాయి. ఈ ఉపాయం రెండు వారాల ముందే తట్టాల్సింది. పాడైన గుడ్డలోంచి ఆమె చిన్న సైజులు తీయగలిగింది. అయినా నాలుగు బ్లేజర్లు సోమవారానికి అందలేదు. ఆ నలుగురు పిల్లలూ చలిలో ఉత్త చొక్కాలతో బడికి వెళ్లారు.

రెండేళ్లకు ఆ కంప్యూటరే తరచూ మొరాయించసాగింది. కొత్త యంత్రంలో ఆ పాత ప్రోగ్రాం నడవదు, తీసేయక తప్పదు. ఈసారి ముందు ఆమెకు చెప్పాం. నాలుగు శనివారాలు పక్కన కూర్చుని, ప్రతి ప్యాటర్న్‌నూ కొత్తదాంట్లో మళ్లీ గీయించాం.

ఏ ప్రోగ్రాంనూ ఎల్లకాలం మోయలేం. కానీ దానిమీద ఎవరి పని నడుస్తోందో వాళ్లను అడగకుండా కొట్టేయకూడదని నాకు నేర్పింది ఆమే. చివరి ప్యాటర్న్ ప్రింటు తీశాక టేపుతో రెండుసార్లు కొలిచి చూసుకుని, నావైపు తిరిగింది.

"సరే నాయనా. ఇప్పుడు తీసెయ్."