మళ్లీ అదే లాగిన్ పేజీ

మక్తల్ నుంచి మహబూబ్‌నగర్ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ ఫోన్‌లో పాస్‌వర్డ్ కొడుతూ, తల విదిలిస్తూ, మళ్లీ కొడుతూ ఉంది. మరికల్ దాటాక ఫోన్ నా ముందు పెట్టింది.

"తమ్మీ, జర సూడు. మా బాపు రక్తపరీక్ష రిపోర్టు గిండ్లనే ఉన్నదట. దేవరకద్ర దవాఖానల డాక్టరుకు సూపియ్యాలె. తెరుసుకుంటలేదు. పాస్‌వర్డ్ నేనే మరిసిపోయిన గావచ్చు."

నాది జావాలో వెబ్‌సైట్లు రాసే ఉద్యోగం. ఆమె పాస్‌వర్డ్ కొట్టగానే, తప్పని గానీ ఒప్పని గానీ చెప్పకుండా మళ్లీ అదే లాగిన్ పేజీ వస్తోంది. సెట్టింగుల్లో చూస్తే కుకీలు ఆపి ఉన్నాయి.

"అక్కా, లోపలికి రానిచ్చినప్పుడు సైటు మీ ఫోన్‌కు కుకీ అని ఒక గుర్తు ఇస్తది. మీ ఫోన్ దాన్ని తీసుకుంటలేదు. అందుకే ప్రతిసారి మిమ్మల్ని కొత్త మనిషి అనుకుంటాంది."

"అంటే నేను తప్పు కొట్టలే?"

"లేదు."

కుకీలు ఆన్ చేసి ఇచ్చాను. ఆమె మళ్లీ కొట్టింది. రిపోర్టు వచ్చింది. దాన్ని చూడకుండా నా వైపే తిరిగింది.

"పొద్దుగాల ఇంట్ల అందరు నన్నే అన్నరు. నా తప్పు లేదు గద?"

"లేదక్కా."

దేవరకద్రలో దిగిపోయింది.

ఇప్పుడు నేను లాగిన్ పేజీ రాస్తే, ముందు ఒక చిన్న కుకీ పంపి అది తిరిగి వస్తుందో లేదో చూస్తాను. పాస్‌వర్డ్ సరిపోయి, కుకీ మాత్రం రాకపోతే తెర మీద ఇలా కనిపిస్తుంది: "మీ పాస్‌వర్డ్ సరైనదే. మీ ఫోన్‌లో కుకీలు ఆపి ఉన్నాయి. వాటిని ఆన్ చేసి మళ్లీ ప్రయత్నించండి."

మొదటి వాక్యం అక్కర్లేదని ఆఫీసులో అన్నారు. నేను తీసేయలేదు.