శూన్యాన్ని చెత్తబుట్టలో వేశాను

మొన్న మంగళవారం నేను శూన్యాన్ని చెత్తబుట్టలో పడేశాను. నవ్వకండి, టీ తాగుతూ వినండి!

మా మేనకోడలు రూతు కాలేజీలో ఫిలాసఫీ చెప్తుంది. ఇంటర్నెట్‌లో తెలుగు తత్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వం ఒకటి తయారుచేస్తోంది. ఒక్కో మాటకి ఒక్కో పేజీ. ఆ రోజు మూడింటికి ప్రిన్సిపాల్ గారికి చూపించాలి. పొద్దున్నే లాప్‌టాప్ నా ముందు పెట్టి, "మావయ్యా, పేజీలు అక్షరక్రమంలో సర్దీ. ఏటీ రాయని ఖాళీవి ఉంటే తీసీ" అని బస్సెక్కేసింది.

నేను పదో క్లాసు. అయితేనేం, అఆలు రావా! ఏళ్ల తరబడి కాఫీ గింజల్లో తాలు ఏరినవాణ్ణి, ఖాళీ పేజీలు ఏరలేనా?

ముందు కాస్త చదువుదామని 'సత్యం' నొక్కాను. అడుగున 'ఇవి కూడా చూడండి: జ్ఞానం' అని ఉంది. జ్ఞానం నొక్కితే 'ఇవి కూడా చూడండి: సత్యం'! మన ఘాట్ రోడ్డే నయం, ఎన్ని తిప్పలు తిప్పినా అరకైనా చేరుస్తుంది. ఇక లోపలికి దిగకుండా, పేర్లు చూసి పని కానిద్దామనుకున్నాను.

'అభావం'. అంటే లేదనే కదా? డిలీట్. 'నిర్గుణం'. గుణం లేని సరుకు మనకెందుకు? డిలీట్! 'శూన్యం'. పాపం, పేరులోనే ఒప్పేసుకుంది. డిలీట్!!

రెండింటికి ఫోన్ చేసి గొప్పగా పేర్లు చెప్పాను.

"ఏటి సేసీసినావు మావయ్యా! అవి రాయడానికి నెలలు పట్టింది. ప్రిన్సిపాల్ గారు ముందు అడిగేది శూన్యమే! ఇక్కడ కాలేజీలో మూడింటిదాకా కరెంటు రాదు, నేనెలా పెట్టీది?"

"నేను తీసినవి నేనే పెడతాను. ఎలాగో చెప్పమ్మా."

"చెత్తబుట్ట అని ఉంటది, అందులో..." సిగ్నల్ కట్!

వదుల్తానా? లాప్‌టాప్ చంకన పెట్టుకుని కాఫీ ఆరబెట్టే కళ్లం దాకా ఎక్కాను. మాకు సిగ్నల్ తెగకుండా నిలిచేది అక్కడే. వెనకాలే ఫోన్ పట్టుకుని మా ఆవిడ. రూతుకి మళ్లీ కలిపాం.

"చెత్తబుట్ట ఖాళీ చేసీనా?" అన్నాను.

"వద్దు! దాన్ని ముట్టుకోకు! 'తిరిగి పెట్టు' నొక్కు, బేగి!"

అభావం వచ్చింది. నిర్గుణం వచ్చింది. రెండూ యాభైకి శూన్యం కూడా వచ్చేసరికి నా ప్రాణం లేచొచ్చింది!

సాయంత్రం రూతు నవ్వుతూ దిగింది. ప్రిన్సిపాల్ గారికి నచ్చిందట. "శూన్యం అడుగున 'ఇవి కూడా చూడండి' అని ఏటి పెట్టాలో తోచలేదు మావయ్యా" అంది.

మా ఆవిడ టీ వడకడుతూ, తలెత్తకుండానే, "మీ మావయ్య బుర్ర పెట్టీమ్మా" అంది.

నేను వెంటనే ఫొటో ఇచ్చాను. విజ్ఞాన సర్వస్వంలో చోటంటే మాటలా!