పండుగకు ముందు మామిడి ముక్క

భద్రాచలం అడవి అంచున ఉండే ఎర్రమ్మను ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు వాళ్ల చేతిలో కాగితం ఉందేమో చూస్తుంది. ఉంటే ఆమెకు చెవుడొస్తుంది. ఇంకాస్త దగ్గరికొస్తే చూపు కూడా మందగిస్తుంది. గుట్ట కింది పోడు చేనుకు పట్టా ఇంకా రాలేదు మరి. ఒక్క మాట అటూ ఇటూ అయితే చేను పోతుందని ఆమె భయం.

ఈసారి కాగితం పట్టుకొచ్చింది సొంత మనవరాలు శ్రావణి. బడిలో జ్యోత్స్న టీచర్ అడవి పల్లె నవల ఒకటి చదివించి, మీ ఇంటి పెద్దల ఆచారాలు అడిగి రాసుకురండని ప్రాజెక్టు ఇచ్చింది. ఆ నవల రాసినాయనది ఏ ఊరని ఎర్రమ్మ ఆరా తీసింది. పట్నమేనని, చాలావరకు ఊహించి రాశాడని తేలింది.

"ఊహించి రాసుడు వచ్చినంక నన్నెందుకు అడుగుడు?"

శ్రావణి కాగితం చూసి మీ పండుగలేవంటే, ఎర్రమ్మ పంద్రాగస్టు అంది. ఏ చెట్టు కొట్టరంటే కరెంటు స్తంభం అంది. మీ చేను ఎక్కడంటే మాకు చేనే లేదంది. అప్పుడామె చేటలో చెరుగుతున్నవి ఆ చేని కందులే.

ఆ జవాబులు చూసి జ్యోత్స్న టీచరే స్వయంగా ఇంటికొచ్చింది. ఎర్రమ్మ అనుమానం రెట్టింపయింది. కోయల ఇళ్లలో పండుగ చేసి పెద్దలకు పెట్టనిదే కొత్త మామిడికాయ ముట్టరు. ఈ తప్పు పరీక్ష కోసమేనని పెద్దలకు మనసులో చెప్పుకొని, కాయ కోసి, ఉప్పుకారం అద్ది టీచరు ముందు పెట్టింది. తింటే, ఏమీ తెలియని మనిషివని సాగనంపొచ్చు.

టీచరు ముక్క అందుకుంది. శ్రావణి ఆమె చెయ్యి పట్టేసింది.

"తినకండి టీచర్. పండుగ కాలే. పెద్దలకు పెట్టకముందు మేం ముట్టం."

టీచరు ముక్కను పళ్లెంలో పెట్టేసి, నవలలో ఈ సంగతి లేదే అని నొచ్చుకుంది. పెన్ను తీసింది, ఆగింది.

"రాసుకోవచ్చా అమ్మా?"

కాగితంతో వచ్చినవాళ్లు ఇదివరకెవరూ ఆ మాట అడగలేదు. పరీక్ష పాడుచేసిన మనవరాలిని ఉరిమి చూద్దామనుకుంది గానీ ఎర్రమ్మకు కుదరలేదు.

"పండుగ రాసుకో. చెట్లు చెప్త, రాసుకో. చేను జోలికి మాత్రం రాకు బిడ్డా. పట్టా రాలే."

టీచరు చేను ప్రశ్నను కొట్టేసింది. మిగతా పిల్లల కాగితాల్లోనూ కొట్టేయిస్తానంది. ఎర్రమ్మ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. అక్షరాలు రావు, గీత కనబడింది. సరిపోదనిపించి, పెన్ను అడిగి పుచ్చుకొని, దాని మీద తానూ ఇంకో గీత గట్టిగా లాగింది.