అంబుబాయి చెప్పే బీమారి

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో అంబుబాయి కంటే ముందు ఆమె గొంతు వస్తుంది. చంకలో బీడీల చాట, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. హోట్గి రోడ్డులో ఒక డాక్టరు పెట్టిన శిబిరంలో మతిమరుపు జబ్బు గురించి విన్ననాటి నుంచి, రోజూ మధ్యాహ్నం ఏదో ఒక గడపలో కూచుని బీడీలు చుడుతూనే దాని గురించి చెబుతుంది. అల్జీమర్స్ అనడానికి నోరు తిరగక ‘అల్జీమామ’ అంటుంది. ఆయన ఎవరి తాలూకని ఆడవాళ్ళు అడుగుతారు.

ఆ రోజు యశోద ఇంటి ముందు కూచుంది. యశోద అత్త యల్లమ్మ మూడుసార్లు తిని కూడా, కోడలు అన్నం పెడ్తలేదని గల్లీ అంతా చెప్పి వచ్చింది. అందరూ యశోదనే ఆడిపోసుకుంటున్నారు.

“అది మొండితనం కాదు, బీమారి. తిన్నది యాదికుండదు. కోడల్ని తిట్టొద్దు, ముసలామెను కసురొద్దు,” అంది అంబుబాయి, బీడీకి దారం చుడుతూ. ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. అందరికంటే ముందు కూచుని శ్రద్ధగా విన్న యల్లమ్మ మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంది.

“పాపం, ఎవలింట్ల ఉన్నదే గసొంటి ముసల్ది? ఆ కోడలు ఎట్ల ఏగుతున్నదో.”

అంబుబాయి చేతిలో బీడీ విడిపోయింది. యశోద చాలా రోజులకు పకపకా నవ్వి, లేచి అత్తకు మళ్ళీ అన్నం పెట్టుకొచ్చింది. అందరికంటే ఎక్కువ ఆడిపోసుకున్న పక్కింటామె గబగబా ఇంట్లోకి పోయి మామిడికాయ తొక్కు తెచ్చింది.